ఇంటి బడి: అనుమతి ఎవరిస్తారు, ఏ కాగితాలు దాచాలి? (హైదరాబాద్)

పలకాబలపం:
పాపకి పదేళ్లు, ఐదో తరగతి అయింది. బాబుకి ఏడు, రెండు అయింది. జూన్ నుంచి ఇద్దరినీ ఇంట్లోనే చదివించాలనుకుంటున్నాం. ఉండేది నిజాంపేటలో, అద్దె ఇల్లు. అడగాల్సినవి మూడు. చట్టప్రకారం ఎవరి దగ్గరైనా పేరు నమోదు చేయించాలా? రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఏం చూపించాలి? పదో తరగతికి వచ్చేసరికి ఏ కాగితం లేక ఇబ్బంది పడతాం? "ఏం కాదులెండి" అనే జవాబులు ఇప్పటికే చాలా విన్నాం, కాస్త వివరంగా చెప్పండి.

నల్లకుంట పంతులు:
మొదటిదానికి జవాబు: నమోదు చేసే కార్యాలయం లేదు, దరఖాస్తు ఫారం లేదు, అనుమతి పత్రం అనేదీ లేదు. "మేం ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

ఇక చట్టం. 2002లో 86వ సవరణతో రాజ్యాంగంలో 21ఏ అధికరణం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పదో సెక్షన్ పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. అయితే చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇంత జరిమానా, ఇంత శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. "నిర్బంధ" అన్న మాటకు ఎనిమిదో సెక్షన్ ఇచ్చిన అర్థం కూడా ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యతే. పిల్లలు చేరేలా, బడికి వచ్చేలా, చదువు పూర్తిచేసేలా చూడాల్సింది ప్రభుత్వం.

కాబట్టి ఇంటి చదువును ఈ చట్టం నేరం అనలేదు, ఒక పద్ధతిగా గుర్తించనూ లేదు. "పూర్తిగా చట్టబద్ధం" అన్నా "చట్టవిరుద్ధం" అన్నా రెండూ అతిశయోక్తులే. ఈ మధ్య చోట ఉన్నవాళ్లకు కాగితాలే అండ.

మూసీ ఒడ్డు:
2012లో ఢిల్లీ హైకోర్టులో ఇంటి చదువుకు అనుకూలంగా తీర్పు వచ్చిందని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది కదా? ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోవచ్చా?

నల్లకుంట పంతులు:
అది తీర్పు కాదండీ. ఇంట్లో చదివించుకునేవాళ్లకు విద్యాహక్కు చట్టం అడ్డు రాదంటూ కేంద్రం వేసిన అఫిడవిట్. ఆ తర్వాత కేంద్రమే ఆ మాట మార్చుకుంది. అధికారి ముందు దాన్ని తీర్పు అని పెడితే, మీరు చూపించే మిగతా కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది.

దస్త్రాల డబ్బా:
బడి మాన్పించే ముందే చేయాల్సిన పనులున్నాయి, అవి చెబుతాను. జూన్‌లో వెళ్తే ప్రతిదానికీ "రేపు రండి" అంటారు. ఏడాది చివరి పరీక్షలు అవగానే వెళ్లండి.

ప్రైమరీ బడి అయితే రికార్డ్ షీట్, హైస్కూల్ అయితే టీసీ. దానితోపాటు చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ విడిగా అడగండి. "ఒకటి నుంచి ఐదు వరకు" అని ఒకే వాక్యం రాసిస్తారు, అలా వద్దు. ఏ సంవత్సరం ఏ తరగతి అన్నది వరుసగా ఉండాలి. ప్రోగ్రెస్ కార్డులు అన్నీ తీసుకోండి. ఫీజు బాకీ లేదని రసీదు తీసుకోండి. ఆ రసీదు బస్ టికెట్ లాంటి నున్నటి కాగితం మీద ఇస్తే అదే రోజు జిరాక్స్ తీయించండి, ఏడాది తిరక్కుండానే అక్షరాలు మాయమవుతాయి.

రెండోది పెన్ నంబరు, అంటే బడుల వివరాలుండే కేంద్రం పోర్టల్ యూడైస్ ప్లస్‌లో విద్యార్థికి ఉండే శాశ్వత నంబరు. పిల్లలు బడి వదిలి ఇంకో బడిలో చేరకపోతే ఆ పోర్టల్‌లో వాళ్ల పేరు "డ్రాప్‌బాక్స్"లోకి వెళ్తుంది. రేపు మళ్లీ ఏ బడిలో చేర్చినా వాళ్లు అక్కడి నుంచే పేరు లాక్కోవాలి. నంబరు లేకపోతే కొత్త ఎంట్రీ వేస్తారు, పాతదానితో కలవక తర్వాత తలనొప్పి. రికార్డ్ షీట్ మీద ఆ నంబరు వేయించుకోండి. వేయకపోతే స్టడీ సర్టిఫికెట్ మీదైనా.

మూడోది పేరు. తెలుగువాళ్లకు ఇదే పెద్ద గొయ్యి. పుట్టిన సర్టిఫికెట్‌లో "సాయితేజ", ఆధార్‌లో "ఎం సాయి తేజ", బడి రికార్డులో "మాదాసు సాయి తేజ". మనకు ముగ్గురూ ఒక్కడే, కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా, మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నీ ఒకేలా ఉండాలి. తల్లి పేరు, తండ్రి పేరు కూడా. బడిలో ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వేసేటప్పుడు హెడ్మాస్టర్ పిలిచి సరిచూపిస్తారు. ఇంట్లో చదివే పిల్లలకు ఆ పని చేసేవాళ్లు లేరు. ముందు పుట్టిన సర్టిఫికెట్ సరిచేయించండి, దాన్ని పట్టి ఆధార్. ఈ వరుస తిప్పితే రెండుసార్లు తిరగాలి. ఆస్పత్రి నుంచి నేరుగా నమోదైన కొన్ని పుట్టిన సర్టిఫికెట్లలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, అదీ చూసుకోండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకైతే పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్ ఒక్కటే.

కూకట్‌పల్లి అమ్మ:
ఎంఈఓకి (మండల విద్యాధికారికి) ముందే ఒక లేఖ ఇచ్చేస్తే మంచిది. మీది బాచుపల్లి మండలం, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, కాబట్టి ఎంఈఓ ఉంటారు. హైదరాబాద్ జిల్లాలో ఉండేవాళ్లు డిప్యూటీ ఐఓఎస్ (బడుల తనిఖీ అధికారి) దగ్గరికి వెళ్లాలి, అక్కడ ఎంఈఓ కోసం వెతికి లాభం లేదు.

లేఖ అర పేజీ చాలు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఇదివరకు చదివిన బడి, పెన్ నంబరు, ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నాం, ఫలానా పుస్తకాలు వాడుతున్నాం, పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయిస్తాం. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు స్టాంపు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. స్టాంపు వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రుజువు దాచండి.

"అనుమతి ఇవ్వగలరని ప్రార్థన" అని మాత్రం రాయొద్దు. అనుమతి ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. అడిగితే "ఇవ్వలేం" అనే రాస్తారు, ఆ కాగితం మన ఫైల్లో ఉండటం కంటే లేకపోవడం నయం. "మీ దృష్టికి తెస్తున్నాం" అంటే సరిపోతుంది.

గల్లీ గణపతి:
నేనొప్పుకోను. లేఖ ఇస్తే ఏమైతది? బడి మానేసిన పిల్లల లిస్టులో మీ ఇంటి నంబరు ఎక్కుతది. వాళ్లకు చేర్పించాల్సిన టార్గెట్ ఉంటది, ప్రతి జూన్‌ల మీ తలుపే కొడ్తరు. అడిగినప్పుడు చూపెట్టుడు వేరు, అడగకముందే పోయి చెప్పుడు వేరు.

కూకట్‌పల్లి అమ్మ:
యూడైస్‌లో డ్రాప్‌బాక్స్‌లో పడ్డ రోజే ఆ లిస్టులో ఎక్కారు గణపతి గారూ. ఎప్పుడూ బడిలో చేరని పిల్లల విషయంలో మీ మాట కొంత నిజం. ఐదో తరగతి దాకా చదివి మానేసిన పాప సంగతి వేరు. విద్యాశాఖ తరఫున సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వచ్చి అడిగిన రోజు "మేం ఫలానా తేదీనే తెలియజేశాం" అని స్టాంపు కాపీ చూపిస్తే, ఆయన తన ఫారంలో రాసుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. వచ్చే ఆయనకి కావలసింది కూడా అదే.

నల్లకుంట పంతులు:
ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది. లేఖ ఇవ్వాలని చట్టం అనదు. మానేసిన పిల్లలకైతే ఇవ్వడం మేలన్నది నా అభిప్రాయం.

జూన్‌లో బడిబాట (పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం) అప్పుడు టీచర్లు ఇంటింటికీ వస్తారు. ఆ సర్వే, ఈ సర్వే అంటూ ఎవరొచ్చినా వాదన పెట్టుకోకండి. వాళ్లు మీ మీద కేసు కట్టడానికి రాలేదు. పిల్లలు ఎదురుగా ఉండాలి, నోట్ పుస్తకాలు బల్ల మీద ఉండాలి. వాళ్లు చూసేది బాలకార్మికులా, అనారోగ్యమా, వలస కుటుంబమా అని. ఫైలు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ వదలొద్దు. వచ్చినవారి పేరు, బడి, తేదీ మీ పుస్తకంలో రాసుకోండి.

పలకాబలపం:
ఫైలు అంటే ఏముండాలి? రోజూ డైరీ రాయాలా? ఎన్ని గంటలు?

దస్త్రాల డబ్బా:
గంటలకు కొలబద్ద కావాలంటే విద్యాహక్కు చట్టం చివర ఉన్న షెడ్యూల్‌లో ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. అది బడులకు పెట్టిన లెక్క, ఇళ్లకు కాదు. అయినా ఎవరైనా అడిగితే మీ లెక్కను దాని పక్కన పెట్టి చూపించొచ్చు. అంటే బాబుకి రోజుకు నాలుగు గంటలు, పాపకి నాలుగున్నర. వంట, తోట, లైబ్రరీ, మ్యూజియం అన్నీ కలిపితే ఎవరికీ తక్కువ పడదు.

రాసే పద్ధతి: పిల్లకొకటి చొప్పున 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. విడి కాగితాల ఫైలు వద్దు, కుట్టిన పుస్తకమే నయం, మధ్యలో పేజీ దూర్చారన్న అనుమానం రాదు. రోజుకు మూడు నాలుగు లైన్లు చాలు. "లెక్కలు చేసింది" అని రాస్తే ఏడాది తర్వాత మీకే అర్థం కాదు. ఇలా ఉండాలి:

"17-7, గురువారం. భిన్నాలు, హారాలు వేరైనప్పుడు కూడిక. 1/3 + 1/4కి 2/7 అని రాసింది. పుల్కా రెండు రకాలుగా కోసి పక్కపక్కన పెట్టాక పన్నెండు ముక్కల సంగతి పట్టుకుంది, 7/12. తర్వాత ఆరు లెక్కల్లో ఐదు సరి. 50 నిమిషాలు."

తప్పు రాసిన కాగితం పారేయొద్దు. అన్నీ పదికి పది ఉన్న ఫైలు చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. జులైలో 2/7 రాసిన కాగితం, నవంబర్‌లో సరిగ్గా చేసిన కాగితం పక్కపక్కన ఉంటే వేరే రుజువు అక్కర్లేదు.

ప్రతి సబ్జెక్టుకీ ఏడాదికి మూడు నమూనాలు తీయండి: జూన్, అక్టోబర్, మార్చి. కాగితం మూల మీద తేదీ పెన్నుతో పిల్లల చేతే వేయించండి. చదివిన పుస్తకాల జాబితా, లైబ్రరీ కార్డు జిరాక్స్, సాలార్‌జంగ్ మ్యూజియం టికెట్ లాంటివి ఆ తేదీ పేజీలోనే అంటించండి. (శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు మూత.)

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే. మూడు నెలలు రాయరు, ఒక ఆదివారం కూర్చుని ఒకే పెన్నుతో తొంభై రోజులూ నింపేస్తారు. అది చూడగానే తెలిసిపోతుంది. రాయని వారం ఉంటే ఖాళీగా వదిలేసి "జ్వరం" అనో "ఊరెళ్లాం" అనో రాయండి.

ఓపెన్‌బడి:
దీనికి ఒకటి కలుపుతాను. ఎన్‌సీఈఆర్‌టీ తరగతివారీగా అభ్యసన ఫలితాల పుస్తకం తెచ్చింది, ఒకటి నుంచి ఎనిమిది వరకు. దాని ప్రింటు తీసి, వచ్చినదాని పక్కన తేదీ వేస్తూ పోండి. అధికారులకు మన డైరీ భాషకంటే ఆ భాష త్వరగా అర్థమవుతుంది. పాఠ్యపుస్తకాలు తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీవి ఉచితంగానే దొరుకుతాయి. తెలుగు వదలొద్దు. 2018 చట్టం ప్రకారం ఇక్కడి బడులన్నింటిలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఏడో తరగతిలో మళ్లీ బడిలో వేస్తే గుణింతాల దగ్గర ఆగిపోతారు.

గల్లీ గణపతి:
గింత రాసుడు ఎవరితోని అయితది? వారానికి ఒక పేజీ రాస్తే సాలదా?

దస్త్రాల డబ్బా:
చాలు. రోజూ మొదలుపెట్టి ఆగస్టులో వదిలేసేవాళ్లకంటే వారానికి ఒక పేజీ ఏడాది పొడుగునా రాసినవాళ్లే నయం. మూడు నమూనాలు మాత్రం తప్పించొద్దు.

మీసేవ దారి:
అందరూ చదువు కాగితాలే చెబుతున్నారు. పన్నెండో తరగతి దాటాక అడ్డుపడేది నివాసం.

మన రాష్ట్రంలో రాజ్యాంగం 371డి అధికరణం కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కాలేజీ సీట్లకు స్థానిక అభ్యర్థి ఎవరన్నది తేలుతుంది. బడిలో చదివినవాళ్లు అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు పెడతారు. ఇంట్లో చదివినవాళ్ల దగ్గర అవి ఉండవు, అప్పుడు నివాసమే ఆధారం. ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ వగైరా ప్రవేశ పరీక్ష) సర్టిఫికెట్ల పరిశీలన జాబితాలో ఈ సంగతి విడిగా రాసి ఉంటుంది. సంస్థలో చదవకుండా ప్రైవేటుగా చదివినవాళ్లు అర్హత పరీక్షకు ముందు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం తేవాలి. ఏడేళ్లు! పదిహేడేళ్లకు పరీక్ష రాస్తే, పదో ఏట నుంచి లెక్క. అంటే మీ పాపకి ఈ ఏడాదే మొదలు.

ఆ పత్రం మీసేవలో దరఖాస్తు పెడితే తహశీల్దార్ ఇస్తారు, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ ఉంటుంది. "ప్రస్తుతం ఇక్కడ నివసిస్తున్నారు" అని ఇస్తే పనికిరాదు. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు అని ఉండాలి. దరఖాస్తులోనే అలా అడగండి.

అద్దె ఇళ్లవాళ్లకు కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది. కాబట్టి పదకొండు నెలల అగ్రిమెంట్లు ఒక్కటి కూడా పారేయకండి. ఏడేళ్లకు 84 నెలలు, అంటే ఎనిమిది అగ్రిమెంట్లు. మధ్యలో ఒకటి పోతే అక్కడే ఆర్ఐ వేలు పెడతారు. వాటితోపాటు గ్యాస్ బుక్, తల్లిదండ్రుల ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, బస్తీ దవాఖానా చీటీలు, పిల్లల టీకా కార్డు. ఇల్లు మారితే ఆధార్‌లో చిరునామా ఆ నెలలోనే మార్చండి. ఒక మండలం నుంచి ఇంకో మండలానికి మారితే, కదిలే ముందే పాత తహశీల్దార్ దగ్గర అక్కడున్న కాలానికి పత్రం తీసేసుకోండి. మూడేళ్ల తర్వాత వెళ్లి పాత ఇంటి గురించి అడిగితే విచారణకు వచ్చిన మనిషికి సాక్ష్యం చెప్పే పక్కింటివాళ్లు కూడా ఉండరు.

మెడికల్ ప్రవేశాల స్థానికత నిబంధనలు వేరు. 2024 జులైలో జీవో 33తో బిగించారు, 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ చూసేది రాష్ట్రంలో నాలుగేళ్ల చదువు. నీట్ ఆలోచన ఉన్న పిల్లల్ని తొమ్మిది నుంచి ఇక్కడి బడిలోనే వేయడం మంచిదని నా సలహా.

పలకాబలపం:
ఇది ఎవరూ చెప్పలేదు. పాత అగ్రిమెంట్లు రెండు ఉన్నాయి, మిగతావి వెతకాలి. పదో తరగతి సంగతి?

ఓపెన్‌బడి:
రెండు దారులు. రెండూ ఓపెన్ స్కూళ్లే: జాతీయ సంస్థ ఎన్ఐఓఎస్, మన రాష్ట్రానిది టాస్. రెండింటికీ కనీస వయసు పద్నాలుగు, లెక్కకట్టే తేదీ వేరు. టాస్‌కి ఆగస్టు 31. ఎన్ఐఓఎస్‌లో ఏ విడత రాస్తారన్నదాన్ని బట్టి జనవరి 31 లేదా జులై 31. సెప్టెంబర్‌లో పుట్టిన పిల్లలు టాస్‌లో దాదాపు ఏడాది ఆగాలి, ఎన్ఐఓఎస్‌లో అంత ఆగనక్కర్లేదు.

ఎన్ఐఓఎస్ సెకండరీకి ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ ఉంటే పెట్టొచ్చు, లేకపోతే ఈ కోర్సు చదివేంత పరిజ్ఞానం ఉందని స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. తెలుగు మాధ్యమం ఉంది. పాస్ మార్కు 33 శాతం. ప్రాక్టికల్ ఉన్న సబ్జెక్టులో థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవ్వాలి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం ఉంటుంది. ఇంట్లో చదివే పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేవి ఈ మార్కులే, గడువు గుర్తుచేసే టీచరు ఉండరు కాబట్టి. నమోదు చేసిన రోజే క్యాలెండర్ మీద గీత పెట్టండి.

ఇంటర్ స్థాయికి వెళ్తే ఇంకోటి గుర్తుంచుకోండి. పది పాసైన రెండేళ్ల తర్వాతే పన్నెండు పాస్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. జేఈఈ మెయిన్‌కి ఎన్ఐఓఎస్ వాళ్లు ఐదు సబ్జెక్టులతో పాసై ఉండాలి, నాలుగుతో కుదరదు.

మూసీ ఒడ్డు:
మధ్యలో మనసు మారి బడిలో వేయాలంటే?

నల్లకుంట పంతులు:
ఎనిమిది లోపు అయితే విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ పట్టుకోండి. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. ప్రభుత్వ బడిలో ఇది సాఫీగా జరుగుతుంది. ప్రైవేటు బడి "సీట్లు లేవు" అంటే మీరు చేయగలిగింది తక్కువ.

తొమ్మిది దగ్గర తలుపు మూసుకుంటుంది. అక్కడ ఈ చట్టం లేదు. సీబీఎస్ఈ తొమ్మిదికి గుర్తింపు ఉన్న సంస్థ నుంచి ఎనిమిది పాసైన కాగితం కావాలి. ఆ అవకాశం ఉంచుకోవాలంటే ఎన్ఐఓఎస్ ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) సీ లెవల్ రాయించండి, అది ఎనిమిదితో సమానం (ఏ మూడుతో, బీ ఐదుతో). అది గుర్తింపు పొందిన ఏజెన్సీల ద్వారానే జరుగుతుంది. నిర్ణయం పన్నెండు, పదమూడేళ్ల మధ్య తీసుకోండి.

గల్లీ గణపతి:
మా అపార్ట్‌మెంట్ల నాలుగు కుటుంబాలు కలిసి ఒక ఫ్లాట్ తీసుకొని, టీచర్‌ను పెట్టుకొని, బోర్డు పెడ్దామంటున్నరు. ఏమన్న ఇబ్బందా?

నల్లకుంట పంతులు:
బోర్డు వద్దు. గుర్తింపు లేకుండా బడి నడపకూడదని పద్దెనిమిదో సెక్షన్. జరిమానా లక్ష రూపాయల దాకా, ఆపకుండా నడిపితే రోజుకు పదివేల దాకా. ఈ చట్టంలో తల్లిదండ్రులకు లేని జరిమానా బడి నడిపేవాళ్లకు ఉంది. పేరు, బోర్డు, యూనిఫాం, అడ్మిషన్ ఫీజు, రోజంతా తరగతులు, ఇవన్నీ కలిస్తే అది బడిలాగే కనిపిస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు ఒకరింట్లో పిల్లలు కలిసి సైన్స్ చేసుకోవడం వేరు.

కూకట్‌పల్లి అమ్మ:
చిన్న విషయాలు రెండు. పదేళ్లకీ పదహారేళ్లకీ వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా బడిలో చదివే పిల్లలకు చాలాచోట్ల బడికే వచ్చి వేస్తారు. మన పిల్లల్ని మనమే పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి, నివాసానికి కూడా అదో సాక్ష్యం. ఆధార్ వేలిముద్రలు ఐదేళ్లకీ పదిహేనేళ్లకీ తాజా చేయించాలి. పదిహేనోది మరిచిపోతే సరిగ్గా పరీక్ష ఫారం నింపే రోజున బయటపడుతుంది.

పలకాబలపం:
చివరగా ఒకటి. పుస్తకాలకీ ట్యూటర్‌కీ పెట్టే ఖర్చు ఆదాయపు పన్ను మినహాయింపులో చూపించొచ్చా?

మీసేవ దారి:
కుదరదు. అది బడి, కాలేజీలో పూర్తికాల చదువుకు కట్టే ట్యూషన్ ఫీజుకే. బిల్లులు మాత్రం దాచండి, ఏ ఏడాది ఏ పుస్తకం కొన్నారో తేదీతో సహా ఉంటుంది. నున్నటి కాగితం బిల్లయితే జిరాక్స్ తీసి.

పలకాబలపం:
సరే. రేపు బడికి వెళ్లి పెన్ నంబరు, ఏడాదివారీ స్టడీ సర్టిఫికెట్ అడుగుతాను. పుట్టిన సర్టిఫికెట్ ఇప్పుడే తీసి చూశాను. బాబుది పేరు గడి ఖాళీ.

దస్త్రాల డబ్బా:
అయితే ముందు మీసేవ, ఆ తర్వాతే బడి.